తుడిచినా పోని ముగ్గు

నాకు ఇంగ్లీషు రాయడం వచ్చు, చదవడం రాదు. ఈ మాట చెబితే పొరపాటున తిరగేసి చెప్పాననుకుంటారు. పొరపాటేమీ లేదు. నేను తిరువళ్ళూరులో బోర్డులు రాసే పెయింటరుని. ఎనిమిదో తరగతి సగంలో బడి దిగి వచ్చేసినా, ఇంగ్లీషు అక్షరాలను ఐదు రకాల వంపులతో రాయగలను, వాటికి నీడలు పెట్టగలను, అంచులకు బంగారు రంగు దిద్దగలను. రాసింది ఏమిటో మాత్రం దారిన పోయేవాళ్ళెవరైనా చదివి చెప్పాలి.

ఒకసారి ఒక మందుల షాపాయన పాత బోర్డు తెచ్చి నా ముందు పడేసి, "ఇది ఎట్టుందో అట్టనే కొత్తది కావాల" అన్నాడు. అట్లాగే రాసిచ్చాను. బోర్డు పైకెక్కించాక ఆయన రోడ్డు మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"అక్షరాల మధ్యలో ఆ నాలుగు నల్ల చుక్కలేందయ్యా?"

అవి పాత బోర్డుకు కొట్టిన మేకులు. తుప్పుతో సహా, తుప్పు కిందికి కారిన ఎర్ర చారలతో సహా, చాలా శ్రద్ధగా దించాను. ఆయన ఇంకొంచెం దగ్గరికి వచ్చి చూశాడు. "మేకులు మాత్రం బాగా కుదిరినాయి" అని లోపలికి వెళ్ళిపోయాడు.

అందుకే కంప్యూటర్ని మొదటిసారి చూసినప్పుడు నాకు కొత్త అనిపించలేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, ఎందుకు చేస్తున్నదో దానికి తెలియదు, మేకు కనబడితే మేకును కూడా దించేస్తుంది. సొంత తమ్ముణ్ణి చూసినట్టే ఉంది.

ఎనభైల మధ్యలో సంగతి ఇది. రైల్వేస్టేషనుకు పోయే దారిలో సైకిల్ షాపు మీద ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాన్ని నడిపే సారు తమిళాయన. ఉన్నట్టుండి ఒకరోజు నన్ను పిలిపించి, బోర్డులో 'కంప్యూటర్' అనే మాట చేర్చమన్నాడు. బోర్డులో చోటు లేదు. ఉన్న అక్షరాలన్నీ నలిపి ఒక పక్కకు తోసి, కొత్త మాటను ఎర్ర రంగులో పెద్దగా రాశాను. రాసినదాన్ని ఒకసారి చూడాలి కదా అని లోపలికి వెళ్ళాను. బీరువా అంత ఉంటుందనుకున్నాను. బల్ల మీద టైపు మిషను మీటల్లాంటి మీటలున్న పలక, దానికి కట్టిన చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ, పక్కన ఒక టేప్‌రికార్డరు.

"ఇంతేనా సార్?" అని చెయ్యి పెట్టబోయాను.

"తొడాదే!" అని కసిరాడు సారు. ముట్టుకోవద్దని.

ఆయన పిల్లలకు ఏదో చూపిస్తున్నాడు. నాలుగైదు వరుసలు టైపు చేసి ఒక మీట నొక్కాడు. టీవీ మీద చుక్క తరవాత చుక్క పడుతూ, చీమ నడిచినట్టు నడుస్తూ, ఒక గుండ్రని సున్నా వచ్చింది. పిల్లలు ఆవలించారు. వాళ్ళు వచ్చింది జీతాల లెక్కలు నేర్చుకోవడానికి. నేను మాత్రం కదల్లేకపోయాను. సున్నా గీయాలంటే నాకు మేకు కావాలి, దారం కావాలి, దారం జారకుండా పట్టుకునేవాళ్ళు కావాలి. ఇక్కడ మాటలు రాస్తే బొమ్మ వస్తోంది. అదీ నేను చదవలేని మాటలు. ఇంతకంటే నాకు తగిన కళ ఇంకేముంటుంది?

బోర్డుకు కూలి వద్దన్నాను. సాయంత్రం క్లాసులయ్యాక ఒక గంట కూర్చోనిమ్మన్నాను. సారు నా చేతుల రంగు చూసి, కిరోసిన్‌తో కడుక్కుని రమ్మన్నాడు.

పుస్తకంలో ఉన్న ప్రోగ్రాములను బోర్డు దించినట్టే దించేవాణ్ణి. ఒక కామా తప్పితే టీవీ మీద 'సింటాక్స్ ఎర్రర్' అని వచ్చేది. నేను ఏం చేసినా అదే రావడంతో, మొదటి వారమంతా అది మిషను చేసిన కంపెనీ పేరనుకున్నాను. సారు విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు జాలి వేసిందో, ఇది రోడ్డు మీదికి పాకితే ఇన్‌స్టిట్యూట్ పరువు పోతుందనుకున్నాడో నాకు తెలియదు. నెల తిరిగేసరికి చుక్కలు పెట్టడం, గీతలు కలపడం, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించడం వచ్చాయి. చుక్కలూ గీతలూ వచ్చాక ఈ ప్రాంతంలో పుట్టినవాడు ఇంకేం గీస్తాడు? ముగ్గు గీశాను.

"ఎన్నపా ఇదు? ఊరెల్లాం సంబళ కణక్కు పోడుదు, నీ కోలం పోడ్రియా?" అన్నాడు సారు. ఊరంతా జీతాల లెక్కలు వేస్తుంటే నువ్వు ముగ్గులు వేస్తున్నావా అని.

"జీతం ఉన్నోళ్ళు ఆ లెక్కలు ఏసుకుంటారు సార్" అన్నాను.

ఇక మా అక్క సంగతి. అక్కది తిరుత్తణి. కొండ కింద, కావళ్ళు ఎత్తుకున్న జనం పోయే వీధిలో ఇల్లు. బావకు మైకుసెట్టు ఉంది. అమ్మ పోయినప్పటినుంచీ నన్ను పెంచింది అక్కే. బడికి పంపిందీ అక్కే, నేను గోడ దూకి వస్తే మళ్ళీ ఈడ్చుకుపోయిందీ అక్కే. ఏటా కొండ మీది స్వామి పండగ ఆడికృత్తిక నాడు అక్క వాకిట్లో అమ్మ ముగ్గు వేస్తుంది. సందు చుక్కలు పదిహేను, ఎనిమిదికి దిగేదాకా. ఒకే గీత, చుక్కలను ముట్టుకోకుండా మెలికలు తిరుగుతూ అంతా చుట్టి వచ్చి, మొదలైన చోటే కలుస్తుంది. అమ్మ ఏడాదికి ఆ ఒక్కరోజే దాన్ని వేసేది. పిండిగిన్నె పట్టుకుని పక్కన కూర్చుని అక్క నేర్చుకుంది. ఏ నోటుబుక్కులోనూ దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ సంవత్సరం పండగ ఇంకా నెల ఉందనగా అక్క బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించారు. చూడటానికి వెళ్ళాను.

"నొప్పి ఎట్టుందక్కా?"

"నొప్పి యాడికి పోతాది, దాని పాటికి అది ఉంటాది. కృత్తికకి అమ్మ ముగ్గు ఎవురేస్తారురా?"

"నువ్వు చెప్పు. నేనేస్తా."

"చెప్పేదానికి నాకు తెలిస్తే గదా? చేతికి తెలుసు. కూర్చుంటే చెయ్యి పోతా ఉంటాది, దాని ఎనకాల నేను పోతా ఉంటా."

బావ మైకు తీగలు చుడుతూ అన్నాడు. "అట్లయితే కట్టు కట్టినాయన్ని అడగాల. ముగ్గును గూడా లోపలపెట్టి కట్టేసినాడేమో."

పక్కింటామె గోడ మీదుగా తల పెట్టింది. "ఎందుకక్కా దిగులు? నేనొచ్చి ఏసిస్తా. మంచి తామరపువ్వు."

ఆమె తల దిగిపోయాక అక్క మెల్లగా అంది. "తామరపువ్వు ఎవురింటి ముందరైనా ఉంటాది. ఆ ఒక్క దినం అమ్మ మన వాకిట్లో ఉంటాదిరా. ఈ ఏడు పోతే, నా చెయ్యి మరిచిపోతే, మళ్ళీ యాడినుంచి తెస్తావు?"

అక్క కళ్ళల్లో నీళ్ళు చూస్తే నాకు ఏం చేయాలో తోచదు. తోచనప్పుడు గొప్పలు చెబుతాను. "మా మిషను కనుక్కుంటాదిలే" అన్నాను.

"మేకులు గూడా ఏస్తాదా?" అన్నాడు బావ.

అక్క బొగ్గుముక్క తీసుకుని, ఎడమచేత్తో పాత పేపరు మీద వంకరటింకరగా ఒక మూల గీసింది. ఆరు మూలలా ఇదే వస్తుందని చెప్పింది. ఒక మూలలోనుంచి రెండో మూలలోకి గీత ఏ చుక్క దగ్గర దూరుతుందో అది మాత్రం గుర్తు రాలేదు. కట్టులోనుంచి బయటికి వచ్చిన వేళ్ళు కాసేపు కదిలాయి, మళ్ళీ ఊరుకున్నాయి.

తిరువళ్ళూరు వచ్చి సారుకు చెప్పాను. ఒక మూలను ఆరుసార్లు తిప్పాలంటే సైన్, కాస్ అని ఇద్దరు కావాలన్నాడు ఆయన. వాళ్ళుండేది పదో తరగతిలోనట. ఎనిమిదిలోనే దిగిపోయి తప్పించుకున్నానని ఇన్నేళ్ళూ సంతోషపడుతుంటే, వాళ్ళు సైకిల్ షాపు మీద మేడలో నాకోసం కాచుకుని ఉన్నారు.

మూల తిరిగింది. కలిసే చోటే దొరకలేదు. ఒక చుక్క దగ్గర కలిపితే గీత మధ్యలోనే ముగిసి ఆరు ఉంగరాలయ్యేది. ఇంకో చుక్క దగ్గర కలిపితే ముగ్గు దాటి టీవీ అంచులోకి పారిపోయేది. అంతలో కరెంటు పోయేది, టైపు చేసిందంతా దానితోపాటే పోయేది. అందుకని పక్కనున్న టేప్‌రికార్డరుతో ప్రోగ్రామును మామూలు పాటల క్యాసెట్టులోకి ఎక్కించుకోవడం నేర్పాడు సారు. ఆ క్యాసెట్టు జేబులో పెట్టుకుని ఆదివారం తిరుత్తణి వెళ్ళాను. ఇందులో అమ్మ ముగ్గు ఉంది అన్నాను, గొప్పగా. బావ పండగకోసం మిద్దె మీద స్పీకర్లు సరిచూస్తున్నాడు. "అట్నా, ఇటియ్యి" అని తీసుకుని మైకుసెట్టు టేప్‌రికార్డరులో వేశాడు.

కొండ కింద వీధులన్నిటికీ వినిపించింది. కంచు బిందెను గరుకు బండ మీద ఈడ్చినట్టు కీచుమని ఒక నిమిషం. కట్టేసిన మేకలు తాళ్ళు తెంపుకోబోయాయి. పక్కింటామె గోడ మీదికి వచ్చి ఎవరికేమయిందని అడిగింది. బావ ఆపేశాక, అక్క చెవులకు అదుముకున్న కొంగు తీసి, "అమ్మ ముగ్గు ఇట్ట అరవదురా" అంది.

ఇక లాభం లేదని మరుసటి వారం అక్కనే పాసింజరు ఎక్కించి తిరువళ్ళూరు తీసుకొచ్చాను. సారు లేచి "వాంగమ్మా" అని తన కుర్చీ ఇచ్చాడు. వెనకాల టైపు మిషన్లు టకటకమంటున్నాయి. అక్క కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది. నేను ఒక్కొక్క చుక్క దగ్గర కలిపి చూపించసాగాను. ఒక్కో ముగ్గు పూర్తయ్యేసరికి ఎసరు మరిగేంత సేపు పట్టేది.

"ఇది గాదు."

ఇంకొకటి.

"ఇది పక్కింటామెది."

ఇంకొకటి.

"ఇది ముగ్గు గాదురా, చాప."

సారు ఓపికగా నిలబడి ఉన్నాడు. నేను చెమటలు తుడుచుకుని ఇంకో అంకె మార్చి మీట నొక్కాను. గీత బయలుదేరింది. మొదటి మూల తిరిగింది. అక్క ముందుకు వంగింది. రెండో మూల సగంలో ఉండగా, గీత ఇంకా తిరగకముందే, "ఇప్పుడు ఎడం పక్కకి" అంది. గీత ఎడమ పక్కకి తిరిగింది. "రెండు చుక్కలు వదిలి లోపలికి." లోపలికి వెళ్ళింది. కట్టులోనుంచి వచ్చిన వేళ్ళు ఒళ్ళో చిన్నగా కదులుతున్నాయి. టైపు కొట్టే ఆడపిల్లలు ఒక్కొక్కరే ఆపి చూస్తున్నారు. ఆరో మూల దాటి గీత మొదటి చుక్క దగ్గరికి వచ్చి కలిసింది.

అక్క లేచి ఎడమచెయ్యి అద్దం మీద పెట్టింది. చిటచిటమంది. "నీళ్ళు చల్లిన నేల మాదిరి ఉందిరా" అంది.

"యారు సొల్లి కుడుత్తదు?" అని అడిగాడు సారు. దీన్ని ఎవరు నేర్పారని.

"ఎంగమ్మా" అంది అక్క, ఆయన భాషలోనే. మా అమ్మ అని.

నేను ఇటు తిరిగి కిటికీలోనుంచి నా బోర్డు వెనకవైపు చూస్తూ నిలబడ్డాను. బోర్డు వెనకవైపు చూడవలసింది ఏమీ ఉండదు.

అంతలో అక్క అడిగింది. "అయిపోయింది గదా, ఇంకా తిరగతా ఉందేమి?" నిజమే. గీత మొదటి చుక్కనుంచి మళ్ళీ బయలుదేరి, వేసిన ముగ్గు మీదే వేసుకుపోతోంది.

"ఆపమని రాయడం మరిచిపోయినాక్కా."

"చెప్పకపోతే ఆపదా?"

"ఆపదు."

"అచ్చం నీ తోడబుట్టిందే" అంది అక్క.

టీవీ అద్దం మీద పల్చటి కాయితం పెట్టి ముగ్గును దించుకున్నాను. గళ్ళు గీసి పెద్దది చేయడం పెయింటరుకు కొత్త కాదు. ఆడికృత్తిక ముందురోజు తిరుత్తణి చేరాను. అక్క ఒకే ఒక్క మాట చెప్పింది. "బియ్యప్పిండితో ఎయ్యి. చీమలు తినాల."

సరేనన్నాను. వాకిట్లో కూర్చున్నాక నాలోని కళాకారుడు లేచాడు. ఇంత కష్టపడి కనుక్కున్న ముగ్గు. తెల్లవారితే హరోహర అంటూ వేలమంది కాళ్ళు. పది గంటలకల్లా పిండి ఉండదు. ఏ పెయింటరైనా తన పని పది గంటలకు పోతుందని తెలిసి బొమ్మ వేస్తాడా? బావ కొత్తగా సిమెంటు పోయించిన నున్నటి వాకిలి కూడా నన్నే చూస్తోంది. నా సంచిలో తెల్ల ఎనామిల్ రంగు డబ్బా ఉంది.

"వాసనేందిరా?" అని లోపలినుంచి అడిగింది అక్క.

"నా చేతులు ఎప్పుడూ అంతే గదక్కా."

పొద్దు కుంకేలోపు ముగించి, పిండి తడిగా ఉంది ఆరేదాకా తొక్కొద్దని అందరికీ చెప్పాను.

నా జీవితంలో నేను చూసిన ఒకే ఒక గెలుపు ఆ పండగనాడే. కావళ్ళు వచ్చాయి, నెమలి ఈకలు వచ్చాయి, పసుపు గుడ్డల కాళ్ళు వేలకు వేలు వచ్చాయి. వీధిలో ముగ్గులన్నీ చెదిరిపోయాయి. పక్కింటామె తామరపువ్వు మధ్యాహ్నానికి ఒట్టి తెల్ల మరక. మా ముగ్గు మాత్రం పళ్ళికిలించుకుని మెరుస్తోంది. "ఇది ఏమి పిండి అక్కా?" అని అడిగిందామె. అక్క నావైపు చూసింది. నేను ఆకాశంవైపు చూశాను.

మర్నాడు పొద్దున అక్క ఎడమచేత్తో బకెట్టు నీళ్ళు కుమ్మరించి చీపురు వేసింది. ముగ్గు ఇంకా తెల్లగా అయింది.

"ఏమిరా ఇది?"

"ఎనామిలక్కా. ఇంక ఏటేటా ఏసే పనే లేదు. అమ్మ రోజూ ఉంటాది."

"రోజూ ఉండేదానికి అమ్మేమన్నా షాపు బోర్డా?" అని చీపురు మూలకు విసిరింది. నేను దొరికిన రైలెక్కి వచ్చేశాను.

వారం తిరగకముందే టెలిగ్రాం వచ్చింది. మావాళ్ళలో టెలిగ్రాం అంటే చావే. చూస్తే అన్నీ ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, నాకు చాలా బాగా రాయడం వచ్చినవి. ఒక్కటీ అర్థం కాదు. పరుగున మేడ మెట్లెక్కి సారు చేతిలో పెట్టాను. ఆయన ఒకసారి చదివి, కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ చదివాడు. "కోలం రిమూవ్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." ముగ్గు తీసెయ్యాలి, వెంటనే బయలుదేరు అని. ఎవరూ పోలేదని ఊపిరి పీల్చుకున్నాను.

పోయారు. బావవాళ్ళ చిన్నాయన పోయాడు. బావ టెలిగ్రాంలో ఆ సంగతికి చోటివ్వలేదు, అంతే. నేను వెళ్ళేసరికి ఇంటినిండా దాయాదులు. మైల పట్టిన ఇంటి ముందు ముగ్గు ఉండకూడదు. వాకిలి బోసిగా ఉంటేనే ఆ ఇంట్లో ఏం జరిగిందో వీధికి తెలుస్తుంది. మా వాకిట్లో పండగ ముగ్గు నిగనిగలాడుతోంది. పైన గోనెపట్టలు కప్పారు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఏముందో అని పట్టలు ఎత్తి చూస్తున్నారు. పోయినాయన అన్న, ముసలాయన, కర్రతో ముగ్గును పొడుస్తూ అడిగాడు. "మా తమ్ముడు పోయింది మీకు ఇంత పండగ్గా ఉందా నాయనా?"

కిరోసిన్, గరుకు కాయితం, గీకుడు బిళ్ళ తీసుకుని వాకిట్లో కూర్చున్నాను. ఆ రోజంతా గీకాను. గీసేటప్పుడు గళ్ళు చూసి గీశాను, గీకేటప్పుడు గీత వెంటే పోవాలి. రెండో మూల దాటాక చూడకుండానే చెయ్యి తిరగసాగింది. ఏడుపు ముఖంతో వీధి మలుపు తిరిగినవాళ్ళు నన్ను చూసి, నవ్వు ఆపుకోవడానికి పైట కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోతున్నారు.

బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. "రేయ్ బామ్మర్దీ, మా చిన్నాయన కోసరం పొద్దుటాలనుంచీ ఎవురి కళ్ళల్లోనూ నీళ్ళు రాలేదు. నువ్వు కూర్చున్నాక అందురికీ వస్తా ఉండాయి."

మైల తీరింది. అక్క కట్టు కూడా విప్పారు. వాకిలి కడిగిన రోజు నేనూ ఉన్నాను. తడి సిమెంటు మీద నేను గీకిన చోటల్లా గీత పల్చగా తేలింది. అక్క చూసింది. పిండిగిన్నె తెచ్చుకుని కూర్చుంది. బిర్రబిగిసిన చెయ్యి మొదటి మూలలో వణికింది, రెండోదాంట్లో గీతను వెతుక్కుంది. మూడో మూలకు వచ్చేసరికి గీత ఆరిపోయి కనబడకుండా పోయింది. చెయ్యి ఆగలేదు. అక్క దాని వెనకాలే వెళ్ళింది. ఆరో మూల తిరిగి మొదటి చుక్క దగ్గర కలిపి, పిండి దులుపుకుంది. నా ఎనామిల్ లేకపోతే ఇది జరిగేదా అని అడగాలనుకున్నాను. అక్క ముఖం చూసి, మర్నాటికి వాయిదా వేసుకున్నాను.

మర్నాడు పొద్దున నేను లేచి వచ్చేసరికి అక్క చీపురుతో దాన్ని సగం ఊడ్చేసింది.

"అయ్యో, నిన్ననే గదక్కా వచ్చింది! అప్పుడే తుడిచేస్తా ఉండావే?"

అక్క నడుం ఎత్తకుండానే అంది. "పలక మీద గీసేది నేర్చుకున్నావు గానీ, తుడిచేది నేర్పకముందే బడి మానేసినట్టుండావురా."